పంచేసిన చిలకలు

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మా ఊళ్ళో పొలం కొలవాలన్నా, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఎన్ని బస్తాలవుతాయో చూసి చెప్పాలన్నా నన్నే పిలుస్తారు. నేను చెప్పిన అంకెకు ఎవరూ ఎదురు చెప్పరు. మా ఇంట్లో అసలే చెప్పరు.

మా బీరువా తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో గీసిన పట్టిక ఒకటి ఉంది. బోర్లా పడటం, పాకడం, అడుగులు, పలుకు. మా అమ్మాయి మొదటి మాట పదకొండు నెలల పదిహేడు రోజులకు వచ్చింది. ఆమె వరుస కింద మా తమ్ముడి కొడుకు వరుస రాశాను. వాడు మూడు నెలల ఇరవై ఒక్క రోజులకే బోర్లా పడ్డాడు, బొబ్బట్లు పంచాం. పది నెలల ఇరవై ఆరు రోజులకు నడిచాడు, అరిసెలు పంచాం. పలుకు వస్తే పంచదార చిలకలు పంచాలి.

ఒకరోజు మా అమ్మ పప్పన్నం ముద్ద నోటి దగ్గర పెడితే వాడు పెదవులు మూసి "మ్మ" అన్నాడు. పక్కనే ఉన్నాను. పన్నెండు నెలల తొమ్మిది రోజులు. వెంటనే రాసేశాను. మర్నాడు అద్దంకి నుంచి రెండు కిలోల చిలకలు తెచ్చి నలభై ఒక్క ఇళ్ళకు పంచాం.

ఆ తర్వాత వాడి నోట ఇంకో మాట రాలేదు.

వాడికి రెండేళ్ళు నిండకముందు, కల్లంలో పట్టా మీద నిద్రపోతుంటే ట్రాక్టరు వాడి పక్కనే హారన్ కొడుతూ వెనక్కి వచ్చింది. వాడు కదల్లేదు. వాడి తల్లి, మా మరదలు, పరుగెత్తి ఎత్తుకుంది. ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చింది.

"బావగారూ, వీడికి వినపడట్లేదేమోనండి. గుంటూరులో చూపిద్దామండి."

"వినపడనివాడు అమ్మ అని ఎలా అన్నాడమ్మా? చిలకలు తిన్నవాళ్ళు నలభై ఒక్క ఇళ్ళ నిండా ఉన్నారు, వెళ్ళి అడుగు."

మా అమ్మ అందుకుంది. "నువ్వు నోరు మెదిపితే కదే వాడికి మాటలు రావడానికి. మీ పుట్టింటి కనిగిరోళ్ళంతా మూగనోము పట్టినట్టుంటారు."

మా తమ్ముడు నా ముఖం వైపు చూశాడు.

నేను పరీక్ష పెట్టాను. వాడి వెనక మా తమ్ముడు నిలబడి స్టీలు పళ్ళేన్ని గరిటెతో కొట్టాడు. పదిసార్లు కొడితే ఏడుసార్లు తిరిగి చూశాడు. పదికి ఏడు అని పట్టిక పక్కన రాసి, "ఇంకేం కావాలమ్మా?" అన్నాను.

అంతటితో ఆగలేదు. తల్లి మాట్లాడక వాడు వెనకబడ్డాడన్నది నా లెక్క కాబట్టి, మందు కూడా లెక్కగానే ఇచ్చాను. రోజుకు మూడొందల మాటలు వాడితో చెప్పాలి. మాటకొక సుద్దగీత వంటింటి గోడ మీద పెట్టాలి, ఐదోది అడ్డంగా. పొద్దుగూకాక మా అమ్మ లెక్కపెట్టేది.

"ఇవాళ రెండొందల నలభయ్యేనేం? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

మా మరదలు మళ్ళీ వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "గిన్నె. పొయ్యి. పిల్లి. పాలు," అంటూ అరవై గీతలూ పూర్తి చేసేది. వాడు ఆమె చేతిలోని సుద్దముక్క కోసం గింజుకునేవాడు. ఆరు నెలలకు గోడ రెండుసార్లు నిండింది. రెండుసార్లూ తడిగుడ్డతో ఆమే తుడిచింది.

ఒకనాడు అంగన్‌వాడీ ఆవిడ పిల్లల బరువులు చూడటానికి వచ్చింది. వాడికింకా మాటలు రాలేదని తెలిసి, మమ్మల్నందరినీ వరండాలోకి పంపేసి, వాడొక్కడినే గోడవైపు కూర్చోబెట్టి, వెనక నుంచి చప్పట్లు కొట్టింది. వాడు తిరగలేదు. పళ్ళెం తెప్పించి కొట్టింది. తిరగలేదు. వాడికప్పుడు ముప్పై నాలుగు నెలలు.

గుంటూరు ఆసుపత్రికి నేనూ వెళ్ళాను, పట్టికను కాగితం మీదికి ఎక్కించుకుని. యంత్రాల పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నా కాగితం చూసింది.

"ఈ పదికి ఏడు ఏంటండీ?"

చెప్పాను.

"పళ్ళెం కొడుతున్నప్పుడు బాబు ఎదురుగా ఎవరున్నారు?"

"అందరమూ ఉన్నామండి."

"మీరంతా ఎటు చూస్తున్నారు?"

పళ్ళెం వైపు చూశాం. మేము చూసినచోటికి వాడూ చూశాడు. ఆమె కాగితం నాకు తిరిగిచ్చేసింది. వినపడని పిల్లలు కూడా మొదట్లో అలా పెదవులు కలిపి శబ్దం చేస్తారంది. చెవి మిషన్లు ఏడాది వయసులో పెట్టించి ఉంటే చాలా తేడా ఉండేదంది. ఇప్పుడూ పెట్టవచ్చు, కానీ మాట రావడానికి చాలా కష్టపడాలంది.

తిరుగు బస్సులో మా మరదలు నా ముందు సీట్లో కూర్చుంది. వాడు ఆమె భుజం మీద నిద్రపోయాడు. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ముప్పై నాలుగులోంచి పన్నెండు తీసేస్తే ఎంతండి బావగారూ?"

"ఇరవై రెండమ్మా."

"నెలలేగా?"

"నెలలే."



ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు. రెండు చెవులకూ మిషన్లున్నాయి. వారానికి రెండుసార్లు తల్లి గుంటూరు తీసుకెళ్ళి మాటలు నేర్పిస్తుంది. నన్ను తోడు రమ్మనదు. మొన్న వాడు గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోతూ "పాలు" అన్నాడు. ముద్దగానే ఉంది, అయినా పాలే. మంచం మీదనుంచి లేచాను.

"ఈ మాట ఎప్పుడొచ్చిందమ్మా?"

"వచ్చి కొన్నాళ్ళయిందండి."

"ఏ రోజు?"

"గుర్తులేదండి బావగారూ."

రోజుకు మూడొందల గీతలు పెట్టిన మనిషి. గుర్తులేకపోవడమేంటి?

మా అమ్మ మాత్రం సంబరపడింది. "చిలకలు తెప్పించమంటానే."

"అప్పుడే పంచేశాంగా అత్తయ్యా," అని పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది మా మరదలు.

బీరువా తలుపు తెరిచాను. వాడి వరుసలో పలుకు దగ్గర పన్నెండు నెలల తొమ్మిది రోజులు అని ఇంకా ఉంది. దాన్ని కొట్టేశాను. పక్కన వేయడానికి అంకె లేదు.