మంచినీళ్ళు ఎక్కించని పడవ

మా బావకి సముద్రం మీదికి వేటకెళ్ళాలనిపించింది. అనిపిస్తే అనిపించింది. ఒక్క మనిషిని పడవెక్కించడానికి ముగ్గురు పెద్దమనుషులం ఇంత రభస చేస్తామని మాత్రం నేననుకోలేదు. మాకంటే పెళ్ళిళ్ళ పేరయ్యలు నయం. ఎలాగో ఒకలా ముహూర్తం ఖాయం చేస్తారు.

బావ అంటే అక్క మొగుడు కాదు. రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న మా ఊళ్ళలో ఒక మనిషితో నాలుగుసార్లు టీ తాగితే అతను బావో మావో అయిపోతాడు. ఇతను అక్కుపల్లికి దగ్గర్లో ఒక ఉద్దానం పల్లెలో కొబ్బరి రైతు. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. మాతోపాటు ఇంకో ఇద్దరు. ఒకడు కాశీబుగ్గలో మందుల షాపు నడుపుతాడు. రెండో ఆయన టెక్కలిలో బడి మాస్టారు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. కాలేజీ రోజుల నుంచి కలిసి తిరిగిన వాళ్ళం. బావకి కిడ్నీలు పాడయ్యాక తిరగడం తగ్గింది, పరామర్శలు పెరిగాయి.

ఉద్దానంలో ఈ రోగం ఏ వీధిలోకి వెళ్ళినా ఉంటుంది. దాని సంగతులు చిన్నపిల్లలకి కూడా తెలుసు. వారంలో కొన్ని రోజులు పలాస వచ్చి డయాలసిస్ మిషను దగ్గర పడుకోవాలి. రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళే తాగాలి. టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ సీసా లెక్కలోకే వస్తాయి. కొబ్బరినీళ్ళయితే పూర్తిగా మానేయాలి, అందులో ఉన్నదేదో గుండెకి ముప్పు తెస్తుందట. కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్ళు విషమైపోయాయి. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఎవరినైనా తిట్టాలనిపిస్తుంది. ఎవర్ని తిట్టాలో తెలీదు.

పెద్ద తుఫానుకి అతని పాత తోట మొత్తం కూలిపోయింది. మళ్ళీ మొక్కలు నాటాడు. రోగం వచ్చాక కూడా వాటిని పిల్లల్ని సాకినట్టు సాకాడు. అవి ఇప్పుడిప్పుడే కాపుకొచ్చాయి. అలా కాపుకొచ్చిన తోటని కొట్టించేస్తానని ఈ వేసవిలో ఉన్నట్టుండి చెప్పాడు. చెట్లు కొట్టేవాళ్ళని మాట్లాడేశాడు కూడా. ఓపిక లేక, చూసుకోలేక అనుకున్నాం. ఎందుకని అడగలేదు. రోగిష్టి మనిషిని గుచ్చి గుచ్చి అడగకూడదు కదా.

"గురువారం కొడతారు మావా. ఆ పొద్దు నాను ఇంటికాడ ఉండనేను. ఆ సప్పుడు ఇననేను. నన్ను సముద్రం మీదకి అట్టుకుపోండి" అన్నాడు నాతో.

కాబట్టి మా పని ఒక్కటే. ఆ రోజంతా మనిషిని తోటకి దూరంగా ఉంచాలి, క్షేమంగా తీసుకొచ్చి వాళ్ళావిడకి అప్పజెప్పాలి. ఈమాత్రం పనికి తల ప్రాణం తోకకొచ్చింది. మందుల షాపు వాడు ఫోన్ల మీద ఫోన్లు. ఎండకి గొడుగు ఉందా, బావ ఎడమ చేతికి సూది గుచ్చే నరం ఉంది గనక ఆ చేత్తో తాడు లాగనివ్వకూడదు తెలుసా, బీపీ మిషను తేవాలా వద్దా. మాస్టారు గురువారం సెలవు దొరకదంటాడు, దొరికిందంటాడు, గాలివాటం చూశారా అంటాడు. నేను కేకలేస్తే, "నీకు ఓర్పు వరం ఇయ్యమని పార్దన సేత్తన్నాను" అంటాడు.

గురువారం పొద్దున్నే అక్కుపల్లి ఇసుకలో కలిశాం. పడవ బావ చిన్ననాటి స్నేహితుడిది. అతను వేటగాడు, మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. మా గొడుగుని, బీపీ మిషనుని, మాస్టారి తోలు చెప్పుల్ని వరసగా చూసి ఉమ్మేశాడు. మా తీరంలో రేవు లేదు. అందరూ భుజం పెట్టి పడవని నీళ్ళలోకి తోయాలి, కెరటానికీ కెరటానికీ మధ్య దొరికిన సందులో దూరిపోవాలి. సరిగ్గా ఆ సందు దొరికినప్పుడు మాస్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. బైబిల్లోని గలిలయ సముద్రం దాకా వెళ్ళాడు. కెరటం వచ్చి మా అందరినీ నడుముల దాకా తడిపి వెళ్ళింది.

"ఆమేన్ బేగి సెప్పండి మాస్టారూ, రెండోది వత్తంది!" అని అరిచాడు వేటగాడు.

ఎలాగో దాటాం. బావ మాత్రం పడవ ముందు కొసన కూర్చుని, బుగ్గన లవంగం పెట్టుకుని, ఎన్నాళ్ళకో నవ్వాడు. దాహానికి లవంగం అతను పెట్టుకున్న చిట్కా. వెనక్కి తిరిగి చూడలేదు. ఒడ్డున తాటితోపుల పక్కన కొబ్బరి తలలు వరసగా కనిపిస్తున్నాయి. అందులో అతనివి ఏవో అతనికి తెలుసు.

లోపలికి వెళ్ళి ఇంజను ఆపి గాలాలు వేశాం. చేప ఒక్కటి పడలేదు. మందుల షాపు వాడికి మాత్రం వాంతులు పట్టుకున్నాయి. అందరి ఆరోగ్యం చూడ్డానికి వచ్చిన మనిషి పడవ అంచు పట్టుకుని వేలాడుతుంటే, డయాలసిస్ మనిషి అతని వీపు రాస్తున్నాడు. ఎండ ముదిరింది. ఉప్పుగాలికి పెదాలు పగిలాయి. నాకు నోరు పిడచకట్టుకుపోయింది. అప్పుడు చుట్టూ చూశాను. పడవలో మంచినీళ్ళ సీసా ఒక్కటి లేదు.

దీనికి మా మర్యాదే కారణం. మా వైపు డయాలసిస్ మనిషి ముందు ఎవరూ నీళ్ళు తాగరు. ఆ ఇంటికి వెళితే గుమ్మం బయటే తాగేసి లోపలికి వెళ్తాం. నీళ్ళిస్తామంటే, "ఇప్పుడే తాగొచ్చినాను" అంటాం. పెళ్ళి భోజనాల్లో కూడా అలాంటి మనిషి పక్కన కూర్చుంటే గ్లాసు ముట్టుకోకుండా గొంతు పట్టేలా తిని లేస్తాం. ఆ అలవాటు కొద్దీ ముగ్గురం ఎవరికి వాళ్ళం ఇంట్లో కడుపు నిండా తాగి చేతులూపుకుంటూ వచ్చాం. మరి వేటగాడు రోజూ పడవలో పెట్టుకునే డబ్బా ఏమైందని అడిగాను.

అతను మందుల షాపు వాడి వైపు వేలు చూపించాడు. "ఈ బాబే దింపించీసినాడు. బావ కంట్లో పడకూడదంట. నీలు నేకుండా వేటకెల్లినోల్లని నా పుట్టకలో సూడనేదు."

ఒళ్ళు మండిపోయింది. "నీకు బుర్రుందేటిరా? బీపీ మిషను తాగుతావేటి ఇప్పుడు?" అన్నాను. వాడు తలెత్తి ఏదో చెప్పబోయి మళ్ళీ అంచు మీదికి వంగాడు. మాస్టారు, "కోపం పాపం" అన్నాడు. "మీరు మాటాడకండి మాస్టారూ, ఉన్న ఉమ్మి కూడా ఎండిపోద్ది" అన్నాను. వాంతులతో మందుల షాపు వాడి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. వెనక్కి తిప్పేద్దామన్నాడు మాస్టారు. నాకూ అదే మంచిదనిపించింది. కానీ తిప్పితే బావని ఎక్కడికి తీసుకెళ్ళాలి? చెట్లు కొడుతున్న చోటుకే కదా.

"ఎనక్కి ఎల్లడం నేదు" అన్నాడు బావ.

"బావా, ఆడి పరిస్తితి సూడు. ఇదంతా నీ కోసమే కదా" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బావ లవంగం ఉమ్మేశాడు. "నా కోసం! నానడిగినానేటి? నా ముందర తాగొద్దని నానెప్పుడైనా సెప్పినానా? మా ఇంటికొచ్చి అందరూ గొంతెండిపోయి కూకుంటారు. సావు పరామర్సకొచ్చినట్టు కూకుంటారు. నానింకా సచ్చిపోనేదురా!"

నీళ్ళు నమలడానికైనా నీళ్ళు ఉండాలి కదా. అతను లేచి, వలలు పెట్టే చోట పైన కప్పిన పట్టా ఎత్తాడు. కింద గోనె సంచి ఉంది. సంచి నిండా బొండాలు.

"మీరు నీలు తేరని నాకు తెలుసు. అందుకే రాతిరే ఈ పట్టా కింద పెట్టించినాను. మా తోటలోయే. ఆకరి గెలలు."

కత్తి కూడా అందులోనే ఉంది. ఎడమ చేతికి బరువు తగలకుండా బొండాన్ని చెక్క మీద పెట్టి, మోకాలితో అదిమి, కుడి చేత్తో మూడు దెబ్బల్లో కన్నం తీశాడు. ముందు మందుల షాపు వాడి నోటికి తనే పట్టాడు. వాడు పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు. కాళ్ళు కొంకర్లు పోతూ కూడా మర్యాద. బావ వాడి జుట్టు పట్టుకుని, "తాగరా ఎదవా" అని పోశాడు. తర్వాత వేటగాడికి, మాస్టారికి ఇచ్చాడు. మాస్టారు ఈసారి ప్రార్థన కూడా మరిచిపోయాడు. చివర నాకు.

నేను అటు తిరిగి తాగబోయాను. "ఇటు తిరుగు" అన్నాడు. ఎదురుగా కూర్చుని నా గొంతులో నీళ్ళు దిగడం చూశాడు. ఎత్తిన బొండం దించకుండా తాగాను. గడ్డం మీంచి కారినవి కూడా చేత్తో తుడిచి నాక్కున్నాను. సిగ్గుపడే ఓపిక లేదు.

"ఎలగున్నాయి?" అన్నాడు.

"పంచదార పాకంలా ఉన్నాయి బావా! ఇలాటి నీలు నాను ఎప్పుడూ తాగనేదు. ఇంకోటి కొట్టు" అన్నాను.

కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "మాస్టారూ, దేవుడి మీద పెమాణం సేసి సెప్పండి. నీలు తియ్యగున్నాయా?"

"బాగా తియ్యగున్నాయయ్యా" అన్నాడు మాస్టారు, ఏం జరుగుతోందో తెలియక.

వేటగాడు కూడా తలూపాడు. బావ చెక్క మీద కూలబడ్డాడు. "మరి సప్పగున్నాయన్నారు కదరా!"

అప్పుడు నాకు తట్టింది. ఆ తోట మొదటి కాపు దింపినప్పుడు మాకందరికీ బొండాలిచ్చాడు. ఎలా ఉన్నాయని అడిగాడు. తాగలేని మనిషికి తియ్యగా ఉన్నాయని ఎలా చెప్తాం? "ఏం లేదు బావా, సప్పగున్నాయి, నువ్వు తాగకపోయినా నట్టం నేదు" అన్నాను. మాస్టారూ అదే అన్నాడట. మందుల షాపు వాడూ, వాళ్ళావిడా, ఊళ్ళో వాళ్ళూ అందరూ అదే మాట. అందరం ఒక్క బడిలో చదువుకున్నట్టు ఒక్కటే అబద్ధం.

"నా బూమిలో నీలు సెడిపోయినాయనుకున్నాను మావా" అన్నాడు. "నన్ను పట్టిన రోగవే సెట్లకీ పట్టింది అనుకున్నాను. ఒక్క పొద్దుకి పరవానేదు గానీ, రోజూ ఈ నీలు తాగి ఇంకెవడు పాడైపోతాడో అని బయమేసింది. అందుకే కొట్టించీసుతున్నాను. మీరేటో ఓపిక నేక అనుకున్నారు కదా?"

మందుల షాపు వాడు ఏడవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. మా మీద, మా మర్యాద మీద, ఒక్కసారైనా ఎందుకని అడగని మా మంచితనం మీద. ఫోను తీశాను. సిగ్నల్ లేదు. బావ తన ఫోను తీశాడు. లేదు.

"ఇంజను ఎయ్యరా! బేగి ఎల్లాల!" అని బావ వేటగాడి మీద అరిచాడు. గాలాలు చుట్టే తీరిక కూడా ఇవ్వలేదు. వాటిని నీళ్ళలోనే ఈడ్చుకుంటూ ఒడ్డు వైపు వచ్చాం. పొద్దున్నుంచీ అటు చూడని మనిషి పడవ కొసన నిలబడి ఆ కొబ్బరి తలల మీంచి చూపు తిప్పలేదు. కింద కూర్చోమన్నా వినలేదు. నేను అతని చొక్కా వెనకాల పట్టుకుని నిలబడ్డాను.

కెరటాల దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. వాళ్ళావిడే. ఆమె ఏం చెబుతోందో వినకుండా, "ఆపమను! కొట్టొద్దని సెప్పు! పరిగెత్తు!" అని అరిచాడు. అవతల ఆమె పరిగెడుతున్న చప్పుడు, రొప్పు, కేకలు మాకు కూడా వినిపించాయి. తర్వాత ఆమె ఏదో అంది. బావ విన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పడవ ఇసుకలో ఆగింది. ఎవరూ దిగలేదు.

"ఎన్ని పడినాయి బావా?" అని అడిగాను.

"తూరుపు వరస పడిపోయింది. మిగిలినాయి ఉన్నాయి." సంచిలో మిగిలిన బొండాలు ఒక్కొక్కటే ఇసుక మీదికి దించాడు, ఒక్కటీ పగలకుండా. తర్వాత మా ముగ్గురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆ వరస మాత్రం మీరు కొట్టిందే మావా" అన్నాడు.