పిచ్చుకలు వాలిన ద్రాక్ష

ఓవర్సియరుగా నా మొదటి పని ఒక ఆసుపత్రి కట్టడం. దాన్ని కట్టిస్తున్న ఇటలీ ఫాదరు గారు, పని ముగిసిన రోజున రెండు ద్రాక్ష కొమ్మలు తడి గోనెలో చుట్టి ఇచ్చారు. పేరు పసెరీనా. వాళ్ల ఊళ్లో దాంతో వైను చేస్తారట. పిచ్చుకలకు మహా ఇష్టం కాబట్టి వాళ్ల భాషలో పిచ్చుక పేరే దానికి పెట్టారట. నేను నోటుబుక్కులో రాసుకున్నాను: గొయ్యి రెండడుగులు, పశువుల ఎరువు రెండు తట్టలు, ఎండాకాలం రోజు విడిచి రోజు నీళ్లు, ఆకు రాలాక కత్తిరింపు. కాయ రంగు అడగలేదు. వైను అనగానే ఎర్రదే అనుకున్నాను.

ఇందుకూరుపేట దగ్గర మా ఇంటి వెనక ఇసుక నేలలో నాటితే ఒక కొమ్మ ఎండిపోయింది. రెండోది మూడేళ్లలో పందిరంతా అల్లుకుంది కానీ పూత లేదు. ఆకు రాలేదాకా ఆగుదామంటే మా దగ్గర అది రాలదు. చివరికి ఒక జనవరిలో పచ్చటి తీగనే మోడు చేశాను.

"మూడేళ్లు బిందెలతో మోసి పోసినాను కదరా," అంది అమ్మ. "ఉన్న నీడ కూడా తీసేసినావు. ఇదేనా మీ కాలేజీలో నేర్పించింది?"

పన్నెండో రోజున చిగురు వచ్చింది, చిగురుతోపాటే మొగ్గ. అమ్మ ఆ ఆదివారమే చర్చిలో పాస్టరు అయ్యగారికి మాట ఇచ్చేసింది: జూన్ మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరికీ రొట్టెతోపాటు ఇచ్చేది మా ఇంటి ద్రాక్షరసమే. అప్పటిదాకా మా చర్చిలో ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసమే వాడేవారు.

మే నెల చివరికి గుత్తులు నిండాయి. ఎర్రబడలేదు. నీళ్లు ఎక్కువయ్యాయా, ఉప్పుగాలా, అదను తప్పిన కత్తిరింపా అని కారణాలు రాసుకుంటూ కూర్చున్నాను. పక్కింటి అక్క గోడ మీదుగా అడిగేది: "ఏమ్మా, మీ ద్రాక్షకు సిగ్గనేదే లేదా, ఎర్రబడేదానికి?" అమ్మ పాస్టరుగారి ఇంటి ముందు నుంచి నడవడం మానేసింది.

జూన్ మొదటి ఆదివారానికి ముందురోజు పొద్దున్నే అమ్మ కేక వేసింది.

"ఒరే, లెయ్యి! పిచ్చుకలు తినేస్తా ఉండాయి!"

అమ్మ తువ్వాలుతో అదిలిస్తుంటే నేను అలాగే నిలబడ్డాను. అంతకుముందు ఒక్క పిచ్చుకా వాటిని ముట్టలేదు. ఒక కాయ కొరికాను. తేనెలా ఉంది. అమ్మ నోట్లో ఒకటి పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని నమిలింది.

"ఇంకోటి ఇయ్యి," అంది.

రసం పిండి, కాచి, గాజు సీసాలో పోసి అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లాం. లేత కొబ్బరినీళ్ల మీద కాస్త పసుపు తిరిగినట్టుంది. ఆయన కిటికీ వెలుతురులో పట్టి చూశారు.

"తెల్లగా ఉండాదే!"

"దీని రంగే అది, అయ్యగారూ. ముందుగా కనుక్కోకపోవడం నా తప్పు."

ఆయన ఒక చెంచా రుచి చూశారు. అమ్మ కొంగు పట్టుకుని నిలబడింది.

"ద్రాక్షే కదా?"

"ద్రాక్షే."

"అయితే మూత పెట్టమ్మా, ఈగలు వాల్తాయి. రేపు దీన్నే వాడదాం."

తిరిగి వస్తూ అమ్మ పక్కింటి అక్క గుమ్మం ముందు మాత్రం బాగా నెమ్మదిగా నడిచింది. ఆ సాయంత్రం పాయసం చేసింది. దాన్నిండా ఎండుద్రాక్షలే.

"ఇవి ఎప్పుడు తెచ్చినావు?" అన్నాను.

"పోయిన వారం, ఎందుకైనా మంచిదని," అంది. "మాట్లాడకుండా తిను."