కోళ్ల ఫారంల మార్స్ చూపిచ్చిన భద్రు సార్

నిన్న పొద్దున జిరాక్స్ షాపు యాకూబ్ ఫోన్ జేసి "సార్ పోయిండు" అన్నడు.

"ఏడికి పోయిండు" అన్న నేను.

వాడు మల్ల గదే మాటన్నడు.

ఇసొంటి జోకులు నేనేస్త గని యాకూబ్ ఎయ్యడు. గప్పుడు సమజైంది.

మా భద్రు సార్ ఇగ లేడు. మానుకోట దవాఖానకు తీస్కపోయేటాల్లకే గుండె ఆగిందట.

పేపర్ల 'రిటైర్డ్ సైన్స్ టీచర్' అని రెండు లైన్లు రాస్తరు. అది సాలదు. అందుకే నేను రాస్తున్న. టెన్త్ ఫెయిల్, ట్రాక్టర్ మెకానిక్‌ని. తప్పులుంటే మీరే సవరిచ్చుకోండ్రి.

అవి తెలంగాణ ఉద్యమం దినాలు. సమ్మె. బడులు బంద్, బస్సులు బంద్. సార్ గూడ అందరితోని టెంట్ల కూసుండేటోడు. ఒకనాడు నా షెడ్డుకొచ్చి "మల్లేశా, మార్స్ మీదికి పోదమా" అన్నడు.

డీజిల్ ఎవలు పోస్తరు సార్ అన్న.

నవ్వలే. కూసోబెట్టి చెప్పిండు. బయటి దేశాలల్ల మార్స్‌కు పోకముందే ఈడనే ఒక డేరల తలుపేసుకోని, ఆడ ఉన్నట్టే బతికి చూస్తరట. ఎన్ని నీళ్లు సాలుతయ్, ఏం మొలుస్తది, మనుషులు కొట్టుకుంటరా లేదా, అన్నీ రాసుకుంటరట.

"మనకు ఎర్ర చెలక ఉన్నది, నీళ్లకు కరువున్నది. ఇంకేం గావాలె" అన్నడు.

కేసముద్రం అవతల ఖాళీగున్న కోళ్ల ఫారం దొరికింది. ఇరవై ఒక్క దినాలు. లోపల ముగ్గురం. సార్, సార్ భార్య మంగ్లి వదినె, నేను.

వాళ్లిద్దరిది తండా. నాకు తెల్వొద్దనుకుంటే వాళ్ల భాషల మాట్లాడుకునేటోళ్లు. నేను మాత్రం తిట్లు మంచిగ నేర్సుకున్న.

బయట భూమి అంటే మా యాకూబ్. జిరాక్స్ షాపు బంద్ వెట్టి భూమి అయిండు. ఏదన్న చెప్పాలంటే చిట్టి రాసి గోడకున్న పైపుల ఏస్తడు. మార్స్ మస్తు దూరం గదా, మాట రావాలంటే ఇరవై నిమిషాలు పడుతదన్నడు సార్. చిట్టి కండ్ల ముందల పడ్డా సరే, అలారం మోగేదాక ముట్టొద్దు.

మేకలు ఇంటికొచ్చినయా అని వదినె అడిగితే జవాబుకు నలబై నిమిషాలు.
"మార్స్ కంటే మా తల్లిగారి ఊరు నయం" అన్నది.

దినాం మనిషికి ఒక్క బిందె. తాగుడు, వండుడు, తానం అంత అండ్లనే. తానం జేసిన నీళ్లు ఇసుక, బొగ్గులున్న బకెట్ల పోసి వడగట్టి మెంతికూర మడికి పెట్టేటోళ్లం. పక్కనే ఇంకో మడి, మంచినీళ్లది. పొద్దున స్కేల్ వెట్టి రెండు మళ్లు కొలుసుడు. మాపటికి ఎవల మీద ఎంత కోపముందో పదికి మార్కులు రాసుడు. నేను సార్‌కు పది, వదినెకు సున్న వేస్తుంటి. గంటె ఆమె చేతుల ఉండె మరి.

నవ్వులాట కాదు గది. ఎండకాలం తండాలల్ల తాగనీకే నీళ్లుండయ్. తానం నీళ్లతోని కూర పండుతదని లెక్కతోని చూపియ్యాలె, గంతే సార్ పట్టు. నడుమ తలుపు తీస్తే లెక్క పోయినట్టే.

పదిహేనో దినం నా చెయ్యి ఊకోలే.

ఎడమ చేత్తోని, యాకూబ్ రాతల, "తెలంగాణ వచ్చింది, బయటికి రండ్రి" అని రాసి పైపు మూతిల పెట్టి అలారం తిప్పిన. జర నవ్వుకుందమనుకున్న.

ఒక్కటి మర్సిపోయిన. వదినె తమ్ముడు ఉద్యమం కేసుల జైల్ల ఉన్నడు. రాష్ట్రమొస్తే కేసులు పోతయ్, పిలగాడు ఇంటికొస్తడని ఆమె ఆశ.

అలారం మోగింది. సార్ చిట్టి చదివిండు. వదినె ఉరికి పోయి గొళ్లెం మీద చెయ్యేసింది.

"ఆగు మంగ్లి. మల్లొకసారి అడుగుదం. నలబై నిమిషాలు."

"ఎన్నేండ్లు ఆగినం? ఇంక ఆగుమంటవా?"

"నిజమైతే ఆరు దినాలైనంక గూడ నిజమే ఉంటది. అబద్ధమైతే పదిహేను దినాల పని పోతది."

ఆమె చెయ్యి తియ్యలే. ఈయన ఆ చెయ్యి పట్టి గుంజలే. చిట్టి రాసి పైపుల ఏసి కూసున్నడు, గంతే.

ఊరందరిని నవ్విచ్చేటోన్ని, నాకు నవ్వు రాలే. పది నిమిషాలు గూడ ఆగలేకపోయిన.

"వదినె, రాలే. నేనే రాసిన."

గొళ్లెం ఇడిసిపెట్టింది. వాళ్ల భాషల ఒక్క మాట అన్నది. నేను నేర్సుకున్న తిట్లల్ల అది లేదు. నాలుగు దినాలు నాతోని మాట్లాడలే.

సార్ నన్ను ఎల్లగొడ్తడనుకున్న. ఎల్లగొట్టాలన్నా తలుపు తియ్యాలె గదా.

నోట్‌బుక్ నా ముందల పెట్టిండు. "రాయి. ఎట్ల జరిగిందో అట్లనే రాయి. ఇది గూడ పరిశోధనే."

రాసిన.

ఇరవై ఒకటో దినం యాకూబ్ తలుపు తీసిండు. తానం నీళ్ల మెంతికూర ఇంకో మడి కంటే ఏలెడంతే తక్కువున్నది. వదినె కోసి, పప్పుల ఏసి, టెంటు కాడ అందరికి పెట్టింది. నాకు ఆఖర్ల పెట్టింది. పెట్టింది గని.

ఆ నోట్‌బుక్ పట్టుకోని సైన్స్ ఎగ్జిబిషన్‌కు పోయినం. ఆడ ఒక పెద్ద మనిషి పేజీలు తిప్పి "కొలిసినం, పోసినం" అని పైకి చదివి నవ్విండు. మంచి తెలుగుల రాస్కోని రమ్మన్నడు.

నా నాలికె మీద మంచి మాటనే తయారున్నది. సార్ నా భుజం మీద చెయ్యేసి ఆపిండు.

"కొలత తప్పైతే చూపియ్యండ్రి సార్, దిద్దుతం. మాట మాది. అది దిద్దం."

ప్రైజ్ రాలే. మల్ల ఎండకాలానికి మా దిక్కు తండాలల్ల తానాల బండ ఎనుక మెంతి మళ్లు లేచినయ్. తర్వాత సార్ రేగొండకు ట్రాన్స్‌ఫర్ అయితే ఆడ గూడ ఏపిచ్చిండు.

తెలంగాణ వచ్చిననాడు వదినె ఫోన్ జేసి "ఈసారి నువ్వు రాయలే గదా" అన్నది. తమ్ముడు అప్పటికే ఇంట్ల ఉన్నడు.

నిన్న సార్‌ను పాడె మీదికి ఎత్తేముందల వదినె ఆ నోట్‌బుక్ తెచ్చి, తెరిసి సార్ పక్కన పెట్టింది. మొదటి పేజీ నేనెన్నడు చూడలే. సార్ రాతల ఉన్నది. పరిశోధకులు: భద్రు, మంగ్లి, మల్లేశ్. ఎవల పేరు పక్కన చదువు రాయలే.

పట్నం నుంచి వచ్చిన సార్ ఒకాయన, నువ్వు భద్రుకు ఏమైతవని అడిగిండు.

కలిసి పరిశోధన జేసినమన్న. ఆయన నా గ్రీజు చేతుల దిక్కు చూసిండు.

వదినె కండ్లు తుడ్సుకోని అన్నది:
"అవు సార్. ముగ్గురం జేసినం."

నిమ్మళంగ పండుకో భద్రు సార్. నువ్వు పోయిన కాడ నీళ్లకు కరువు లేకుంట ఉండాలె, నీ పానం సల్లగుండాలె.