మా మామకు దక్కని రాయి

ఏదో దూరదేశంలో అధర్మపక్షాన పోరాడి చనిపోయిన సైనికుల స్మారకస్తంభాన్ని ఉంచాలా, కూల్చాలా అని జనం వీధుల్లో కొట్టుకుంటున్నారని మొన్న పేపర్లో చదువుతుంటే చేతిలో టీ చల్లారిపోయింది; ఈ వయసులో అదీ ఒక సంఘటనే.

కర్నూలు రాజధానిగా, ప్రభుత్వం గుడారాల్లో నడిచిన ఆ రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. నేను బి.ఏ. ముగించి, ఉద్యోగాలే నన్ను వెతుక్కుంటూ వస్తాయని, నందికొట్కూరు వైపు తుంగభద్ర ఒడ్డునున్న మా ఊళ్లో కాచుకుని ఉన్నాను. మా మేనత్త భర్త కరువులో ఏరు దాటి అవతలి నైజాం సైన్యంలో చేరి, నలభై ఎనిమిదిలో మన సైన్యం అక్కడికి వెళ్లినప్పుడు చనిపోయాడు. శవం రాలేదు. పోరులో పోయినవాళ్లకు ఊరిబయట వరుసగా రాళ్లు నిలపడం, పెద్దల అమావాస్యనాడు ఆడవాళ్లంతా ఒక్క రాయినీ వదలకుండా నీళ్లుపోసి మొక్కడం, ఎవరి రాతిముందు వాళ్లింటివాళ్లు బువ్వ పెట్టడం మా ఊరి ఆచారం. ఆ వరుసలో చోటివ్వమని ఏళ్లతరబడి అడిగి అడిగి, చివరికి అత్త రాయి చెక్కించి, బండిమీద చావడి ముందుకే తెచ్చింది. ఊరిపెద్దగా తీర్పు చెప్పవలసిన మా నాయన ఆమెకు స్వయానా అన్న.

“పొట్టకూటికి పాయెన్నా ఆయన! గోరీ లేదు, బూడిద లేదు. బువ్వ యాడ పెట్టల్ల నేను?”

ఏటి అవతల సంతకు పోయి రజాకార్ల చేతిలో చచ్చినవాడి భార్య, మా పక్కింటామె, లేచి నిలబడింది. “నా మొగున్ని సంపినోళ్ల దిక్కు తుపాకి పట్న్యాడు మీ ఆయప్ప. ఆ రాతికి నేను మొక్కల్లనా వదినా?”

సైన్యం వేరు, రజాకార్లు వేరని నేను చదువుకున్నవాడిలా వివరించాను. అందరూ ఎంతో మర్యాదగా విన్నారు. “నీ బీయే శానా బాగుండాది గానీ, ఇద్దరికీ నవాబు ఒగడే గదప్పా” అన్నాడొక పెద్దాయన.

పేరు వద్దు, కత్తిబొమ్మ వద్దు, వట్టి బండే నిలపండని అత్త అన్న కాళ్లు పట్టుకుంది. నాయన ఆమె వైపు చూడలేకపోయాడు. “ఎవురిదో ఊరంతా ఎరిగినంక అది వట్టి బండ యాడైతాదమ్మా” అన్నాడు. బండి వెనక్కు తిరిగింది.

ఆ అమావాస్యకు అత్త వండింది. అందరితోపాటు వరుసలోని రాళ్లన్నిటికీ నీళ్లుపోసి మొక్కి, బువ్వతట్ట పట్టుకుని ఏటిదాకా పోయి, అవతలి ఒడ్డుకేసి చూస్తూ నిలబడి నిలబడి, ఎక్కడ దించాలో తెలియక ఇంటికే తిరిగి తెచ్చింది. ఆమె బతికినన్నాళ్లూ, ప్రతి ఏడూ అంతే.

ఆ ఆడవాళ్లిద్దరూ ఎప్పుడో వెళ్లిపోయారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్ల వరుసా పోయింది, అభ్యంతరాలు రాలేదు. ఇప్పుడు అక్కడ ఎవరికి ఏ రాయి నిలిపినా కాదనేవాళ్లు లేరు. దానిముందు బువ్వ పెట్టేవాళ్లూ లేరు.