మర్యాదగా మాట్లాడిన గొంతు

బడి పిల్లలంతా ఆమెను బస్సక్క అనే పిలిచేవారు. నడిపేది బస్సు, గొంతు కూడా బస్సు హారన్‌కు తీసిపోదు. పెళ్లయిన నాటినుంచీ అద్దె ఇళ్లే. ఇంటివాళ్ల సణుగుడు వినీ వినీ విసిగిపోయి, చివరికి పాపకూ ఓ గది ఉండేలా, భర్తతో కలిసి ఓ చిన్న ఇల్లు బేరం కుదుర్చుకుంది. రాతకోతలు చూసే లాయరుతో మాటలన్నీ మెయిల్లోనే నడిచాయి. ఇంటి సొమ్ము కూడా ఆయన ఖాతా ద్వారానే అమ్మేవాళ్లకు చేరాలి.

ఓ రోజు పిల్లల్ని దించేసి, ఖాళీ బస్సులో ఫోన్ తెరిస్తే లాయరు ఆఫీసు పేరుతో మెయిలు. తమ బ్యాంకు ఖాతా మారిందట. ఇంటి సొమ్ము ఈరోజే కొత్త ఖాతాకు పంపకపోతే బేరం చెడిపోతుందట. ఆమె గుడ్డిగా నమ్మే మనిషి కాదు. మెయిలు అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసింది.

"అవునమ్మా, మేమే పంపాం," అన్నాడెవరో, ఎంతో మర్యాదగా. "అన్నట్టు, వంటింటి కిటికీకి ఊచలు మార్పించమన్నారుగా, అమ్మేవాళ్లు మార్పించేశారు."

ఊచల సంగతి ఆమె లాయరుకు తప్ప ఎవరికీ రాయలేదు. ఇంక అనుమానమెందుకు? డబ్బు పంపేసింది.

మధ్యాహ్నం లాయరే ఫోన్ చేశాడు. "ఏమ్మా, సొమ్ము ఇంకా రాలేదే?"

"అదేంటి సార్, మీ కొత్త ఖాతాకి పొద్దునే పంపాగా!"

"కొత్త ఖాతా ఏంటమ్మా? మేమేం మార్చలేదు."

మరి ఊచల మాట వాడికెలా తెలిసింది? తామూ లాయరూ రాసుకున్నవన్నీ ఇన్నాళ్లూ ఎవడో తీరిగ్గా కూర్చుని చదువుకున్నాడన్నమాట.

భర్త కోసం ఆగకుండా బ్యాంకుకు పరుగెత్తింది. ఆఫీసరమ్మ సంగతి వింటూనే, ఆ సొమ్ము ఆపించడానికి అవతలి బ్యాంకుకు ఫోన్ కలిపింది. సరిగ్గా అప్పుడే బస్సక్క ఫోన్ మోగింది. అదే నంబరు.

"మాట్లాడుతూ ఉండండి," అని గుసగుసలాడింది ఆఫీసరమ్మ. "వాడికి అనుమానమొస్తే ఆ ఖాతాలో ఉన్నదంతా ఊడ్చేస్తాడు."

"రిజిస్ట్రేషన్ ఖర్చు కొంచెం మిగిలిందమ్మా," అన్నాడు వాడు. "అదీ పంపేస్తే తాళాలు మీవే."

బస్సక్క, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతు తెచ్చుకుంది. "పంపుతా సార్. మా ఆయన్ని అడుగుతున్నా... కాస్త లైన్లో ఉండండి."

"తొందరేం లేదు. మీ పాప గదికి పసుపు రంగే బాగుంటుంది, మీరు మెయిల్లో రాసినట్టు."

ఫోన్ విసిరికొట్టాలనిపించింది. "అవును సార్, దానికి పసుపంటే ప్రాణం," అంది. ఆఫీసరమ్మ చాలని సైగ చేసేదాకా ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది.

సగం అప్పటికే పోయింది. మిగిలిన సగం ఆగింది. ఇల్లు మాత్రం దక్కలేదు. అమ్మేవాళ్లు అంతకాలం ఆగలేమన్నారు. భర్త పల్లెత్తు మాట అనలేదు. "నేనైనా పంపేసేవాణ్ణే," అన్నాడంతే.

చాలా ఏళ్లకు అంతకన్నా చిన్న ఇల్లు కొనుక్కున్నారు. ఈసారి ఆమె అదే లాయరు ఆఫీసుకు స్వయంగా వెళ్లి, ఖాతా నంబరు ఆయన నోటితోనే చదివించుకుంది. ఆ లాయరూ ఇప్పుడు ఇల్లు కొనే ప్రతివాళ్లకూ మొదటిరోజే చెబుతాడు: "ఖాతా మారిందని మెయిలొస్తే నమ్మకండి. అందులోని నంబరుకి కాదు, ఇప్పుడు నేనిస్తున్న నంబరుకి ఫోన్ చేయండి."

కొత్తింట్లో దిగాక కూడా, పాప గురించి ఆమె ఎవరికీ ఫోన్‌లో ఒక్క ముక్క రాయలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే ఎదురుగా వెళ్లి చెప్పి వచ్చేది.