రాజబాబు సాక్ష్యం

గరాచర్మ ఊళ్లో కొలెస్ట్రాల్ గోలీ వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, దాన్ని మానేసి పేరు తెచ్చుకున్నవాడు మాత్రం లైన్‌మన్ రాజబాబు ఒక్కడే.

గోలీ మొదలుపెట్టిన కొన్నాళ్లకే అతని పిక్కలు పట్టేశాయి. కరెంటు స్తంభం ఎక్కాలంటే ప్రాణం మీదికొచ్చేది. డాక్టరుకు చెబితే అన్‌ఫిట్ అని రాసేస్తాడని భయపడి, ఎవరికీ చెప్పకుండా గోలీ మానేశాడు. అదే వారం చర్చిలో అతని కాళ్ల కోసం ప్రార్థన జరిగింది. కొద్దిరోజుల్లో నొప్పి పోయింది.

ఆదివారం చర్చిలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు ఇదీ అంటూ సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యంలో మాత్రం ముందు ప్రార్థనతో నొప్పి పోయింది, ఆ తర్వాతే గోలీ అవసరం తీరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు మాత్రం పక్కకు పిలిచి, డాక్టర్ని అడిగే మానేశావా బాబూ అన్నారు. అడిగానండీ అన్నాడు. ఎంత సిగ్గులేని నోరు!

పక్క ఊరు ప్రోతరాపూర్‌లో ఉండే అతని అక్క వెరోనికాకు గుండెలో స్టెంట్ ఉంది. ఆవిడదీ అదే గోలీ, అవే నొప్పులు. తమ్ముడి సాక్ష్యం సంగతి విని ఆయాసపడుతూ బస్సెక్కి వచ్చింది.

"గోలీ బంద్ చేసీసినావేట్రా, పక్కా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. భార్య లీదియా టీ గ్లాసులతో అక్కడే నిలబడి ఉంది. ఆమె ముందు చిన్నబోవడం ఇష్టంలేక, "పక్కా దీదీ. ఇస్వాసం ఉండాలి, అంతే" అన్నాడు.

వెరోనికా కూడా గోలీ మానేసింది. వానాకాలం సగం గడవకముందే ఆవిడ మూతి ఒక పక్కకు లాగేసింది. కుడిచెయ్యి పడిపోయింది.

"గోలీ ఎందుకు మాన్పించారు? కాళ్లనొప్పులని ఒక్క మాట చెబితే డోసు తగ్గించేవాళ్లం, లేదా మందు మార్చేవాళ్లం కదా!" అని ఆసుపత్రిలో డాక్టరు కేకలేశాడు. రాజబాబు కిటికీ వైపు చూశాడు. తన ఒక్క మాటకు అక్క చెయ్యి పోయిందని అతనికి తెలుసు.

సాయంత్రం చర్చివాళ్లు మంచం చుట్టూ చేరారు. వెరోనికా వంకర మూతితో మాటలు కూడదీసుకుంది.

"తమ్ముడూ... నీ సాచ్చెం సెప్పరా. ఇంటే నాకు బలం."

అందరూ అతని వైపు తిరిగారు. రాజబాబు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. చర్చిలో చెప్పినదానికన్నా బాగానే చెప్పాడు. అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టాలని చూసింది. కుడిచెయ్యి లేవక, ఎడంచేత్తో మంచం పట్టీ మీద కొట్టింది.