రాతి మనుషుల లోయ

నా చిన్నప్పుడు ఒక వేసవంతా పొద్దు గుంకని చోట ఉన్నామంటే మా మనవరాలు నమ్మదు. "ఫోటో ఉందా అమ్మమ్మా?" అని అడుగుతుంది. ఫోటో లేదు. ఉన్నదల్లా నా జ్ఞాపకమే, అదీ సగం గందరగోళం. మిషిగన్‌లోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్ ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఆ రోజుల్ని వరసలో పెడదామని చూస్తే, ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో నాకే పాలుపోదు. ఒక్క రోజు మాత్రం బాగా గుర్తుంది. అది చెబుతాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్న సివిల్ ఇంజనీరు. బాపట్ల వైపు కాలవ గట్ల మీద రోడ్లు వేయించిన మనిషి, ఎవరో పిలిచారని అలాస్కాలో రోడ్లు వేసే కంపెనీలో చేరాడు. ఏడాదంతా మేము అక్కడి పట్నంలో ఉంటే, నాన్న సైట్‌లో ఉండేవాడు. ఆ వేసవి సెలవులకి మాత్రం అమ్మనీ నన్నూ కూడా ఉత్తరాన ఉన్న ఆ సైట్‌కి తీసుకెళ్ళాడు. పదో పన్నెండో చెక్క ఇళ్ళున్న చిన్న ఊరు. చుట్టూ చెట్టన్నది లేని లోయ. పడుకోమంటే బయట ఎండ కాస్తుండేది. అమ్మ గడియారం చూసి సంధ్యాదీపం పెట్టేది, పెట్టి తనే నవ్వుకునేది. తింటున్నది మధ్యాహ్నపు అన్నమో రాత్రి అన్నమో తెలియక నేను రోజుకోసారి అడిగేదాన్ని.

ఆ లోయలో రాళ్ళుండేవి. మామూలు రాళ్ళు కావు. ఒకదాని మీద ఒకటి పేర్చి, నా భుజాల ఎత్తున నిలబెట్టినవి. పదిహేను ఇరవై అడుగులకొకటి చొప్పున రెండు వరసలుగా కొండవాలు నుంచి కిందికి దిగేవి. కొన్ని కూలిపోయాయి, కొన్నిటికి నాచు పట్టింది. నాన్న చూసి అవి పాత సర్వే రాళ్ళే అన్నాడు. ఎవడో హద్దులు వేసి వదిలేశాడని ఆయన నమ్మకం. మా అమ్మ అలా అనుకోలేదు. ఊరి చివర నిలబెట్టిన రాయి అంటే ఆవిడకి ఒక్కటే అర్థం. ఒక శుక్రవారం తలంటు పోసుకుని, ఇండియా నుంచి తెచ్చుకున్న పసుపూ కుంకుమా పట్టుకుని వెళ్ళి, అన్నిటికంటే పెద్ద రాయికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చింది. "ఏ ఊరైనా పొలిమేర కాసే తల్లి ఉండకుండా ఎలా ఉంటుందండీ" అంది. నాన్న తల గోక్కున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో నాకు తెలియలేదు.

మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. ఆ నేల తరతరాలుగా వాళ్ళదే. పసుపు సంగతి ఎలా తెలిసిందో గానీ ఆ మర్నాడే వచ్చాడు. తిడతాడేమోనని అమ్మ తలుపు వెనక్కి వెళ్ళింది. తాత వేలికి అంటిన పసుపు వాసన చూసి, అక్కడెవరో నిలబడి ఉన్నారని మీ అమ్మకి అనిపించిందా అని నన్ను అడిగాడు. అవునన్నాను. తాత సంతోషంగా తలూపి, "అయితే రాళ్ళు ఇంకా పని చేస్తున్నాయి" అన్నాడు. పట్నం బళ్ళో నేర్చిన ఇంగ్లీషుతో ఆ మాటలు తెలిశాయి గానీ వాటి అర్థం తెలియలేదు. అమ్మకి తెలుగులో చెప్పాను. ఆవిడకీ తెలియలేదు.

ఆ తాత అంతకు ముందే రెండుసార్లు నాన్న దగ్గరికి వచ్చి వెళ్ళాడని తర్వాత తెలిసింది. సంగతి ఇది. నాన్న వేయబోయే రోడ్డు ఆ లోయ మధ్య నుంచి సాగి, కొండకీ చెరువుకీ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి అవతలికి పోతుంది. నేల చిత్తడి కాబట్టి రోడ్డు ఎత్తుగా కట్టాలి. పక్కలు గోడలా నిటారుగా కడితే మంచు పడేలోగా పని అయిపోతుంది. కానీ అక్కడ క్యారిబూలు దాటుతాయని తేలితే పక్కలు బాగా వాలుగా, పొడుగ్గా దించాలి. క్యారిబూలంటే క్రిస్మస్ కార్డుల మీద బండి లాగుతుంటాయే, ఆ రెయిన్‌డీర్ జాతి అడవి దుప్పులు. మందలు మందలుగా వలస పోతాయి. వాటికి నిటారు గోడ ఎదురైతే ఎక్కవు, వెనక్కి తిరిగిపోతాయి, ఇక మళ్ళీ ఆ దారికి రావు. తాత భయం అదే. ఆ మందల మీదే ఒకప్పుడు ఆ ఊరు బతికింది.

చిక్కేమిటంటే క్యారిబూ అక్కడ ఎవరికీ కనబడలేదు. నాన్న వారం వారం ఒక ఫారం నింపి పంపాలి. కనిపించిన జంతువులు ఎన్ని అని అందులో ఒక గడి ఉంటుంది. బైనాక్యులర్స్ పెట్టుకుని ఎంత చూసినా ఏమీ లేక వారం వారం సున్నా చుట్టేవాడు. ఊళ్ళో పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళు కూడా వాటిని ఆ లోయలో చూడలేదు. తాత కూడా తన చిన్నతనంలో రెండుసార్లు చూశాడట, అంతే. మళ్ళీ ఎప్పుడొస్తాయని నాన్న అడిగితే, వాటినే అడగమన్నాడట. ఇలా చెబితే రిపోర్ట్‌లో ఏం రాస్తారని నాన్న ఇంటికొచ్చి విసుక్కున్నాడు.

ఒకరోజు పొద్దున తాత వచ్చి అమ్మని పాత కోట్లేమైనా ఉంటే ఇమ్మన్నాడు. అమ్మ నాన్న వాన కోటు ఇచ్చింది. తాత తన ఇంట్లోంచి పాత దుప్పట్లూ చొక్కాలూ తెచ్చాడు. అన్నీ తీసుకెళ్ళి కొన్ని రాళ్ళకి తొడిగాడు. తర్వాత నన్ను లోయ వెడల్పుగా ఉన్న చివరికి తీసుకెళ్ళి, ఒక ఆట చెప్పాడు. తను అవతలి చివర చెరువు దగ్గరికి పోతాడు. నేను కాసేపు ఆగి, నాకిష్టమైన దారిలో చెరువు చేరుకోవాలి. ఎవరూ అడ్డు రారు. తనకి దొరక్కుండా నీళ్ళు ముట్టుకుంటే నేను గెలిచినట్టు.

ముసలాయన, పైగా ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు. నన్నేం పట్టుకుంటాడనుకున్నాను. తిన్నగా వెళ్ళకూడదని, చుట్టూ తిరిగి ఆయన్ని బోల్తా కొట్టించాలని మనసులో పెద్ద పథకం వేసుకుని కుడివైపు నడిచాను. అక్కడ మా నాన్న కోటు రాయి మీద నిలబడి ఉంది. గాలికి చెయ్యి కదిలింది. అది నాన్న కోటేనని తెలుసు, లోపల రాయేనని తెలుసు, అయినా దగ్గరికి పోలేక పక్కకి తిరిగాను. ఎడమవైపు వెళితే కాలు చిత్తడిలో చీలమండ దాకా దిగబడింది. మేజోడు తడిసింది. మళ్ళీ పొడినేల మీదికి వచ్చాను. మూడుసార్లు దారి మార్చాను. ప్రతిసారీ నా తెలివికి నేనే మురిసిపోయాను. చెరువు మెరుస్తూ కనబడింది. ఇక పరిగెత్తడమే అనుకుంటుండగా నా భుజం మీద చెయ్యి పడింది.

కెవ్వుమన్నాను. మోకాళ్ళ ఎత్తు రాతిగోడ వెనక గుంటలో తాత కూర్చుని ఉన్నాడు. లేచి వెంటాడింది లేదు, వెతికింది లేదు. చెయ్యి చాపాడు, అంతే. నేను ఏ దారిలో వస్తానో నీకెలా తెలుసని ఏడుస్తూ అడిగాను. "నాకు తెలియదు. ఈ గుంట తవ్విన వాళ్ళకి తెలుసు" అన్నాడు. వాళ్ళు నన్ను చూడనే లేదు కదా అంటే, నీలా నడిచేవాటిని చూశారు అన్నాడు. క్యారిబూలకి నిలబడ్డ రాళ్ళు మనుషుల్లా కనిపిస్తాయట. అవి పక్కకి తప్పుకుంటూ తప్పుకుంటూ తమ ఇష్టప్రకారమే ఇక్కడికి వస్తాయట, ఇక్కడ విల్లు పట్టుకున్న వాళ్ళు కూర్చునేవాళ్ళట. ఆయన ఎంత చెప్పినా నా బుర్రకి ఎక్కలేదు. నేను నా ఇష్టం వచ్చినట్టు నడిచాను. మరి ఇదెలా జరిగింది? మోసపోయానన్న ఉక్రోషంతో సైట్‌కి పరిగెత్తి నాన్నకి ఫిర్యాదు చేశాను.

నాన్న నవ్వుతూనే నా వెంట వచ్చాడు. తాత ఆయన్ని గుంటలో కూర్చోమని సైగ చేశాడు. నాన్న కూర్చుని లోయ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఏం చూశాడో తెలియక నేనూ దిగి పక్కన కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. రెండు వైపుల నుంచీ రాతి వరసలు దగ్గరవుతూ మా వైపే వస్తున్నాయి. ఆ రెండిటి నడుమ, రోడ్డు దారికి గుర్తుగా మా నాన్న పాతించిన, నారింజ రంగు రిబ్బన్లు కట్టిన సర్వే కర్రలు కూడా ఒక్కటైనా పక్కకి పోకుండా నేరుగా మా ముఖం మీదికే వస్తున్నాయి.

నాన్న మ్యాప్ విప్పాడు, మళ్ళీ చుట్టేశాడు. "ఏమైంది నాన్నా?" అన్నాను. "రెండు నెలలు తిరిగి ఈ లోయలో ఇదొక్కటే మంచి లైన్ అని తేల్చానమ్మడూ. నాకంటే ముందే దుప్పులు తేల్చేశాయి" అన్నాడు. ఆయన గొంతులో సిగ్గుందో సంతోషముందో నాకు అర్థం కాలేదు. ఇంటికి వస్తూ ఒక్కో రాయి దగ్గరా ఆగి, వంగి, కిందిరాయిని కదపబోయి, కదలక వదిలేశాడు.

ఆ వారం ఫారం ముందు పెట్టుకుని కూర్చుంటే అమ్మ భయపడింది. పై ఆఫీసరు మంచు పడేలోగా పని ముగించమని రోజూ ఫోన్ చేస్తున్నాడు. "మీ కంటితో చూశారా? చూడలేదుగా. ఉద్యోగం పోతే ఈ దేశంలో మనకెవరున్నారండీ" అంది. నాన్న చూడలేదని ఒప్పుకున్నాడు. చూడలేదనే రాస్తానన్నాడు. గడిలో ఎప్పటిలాగే సున్నా చుట్టి, కింద ఖాళీలో నాలుగు వాక్యాలు రాసి, మాకు తెలుగులో చదివి వినిపించాడు. క్యారిబూలు నాకు కనిపించలేదు. వాటిని పట్టడానికి పూర్వులు కట్టినవి కనిపించాయి. ఏమీ రాని చోట ఇంత రాయి ఎవరూ మోయరు. కాబట్టి రోడ్డు పక్కలు వాలుగా దించాలి. అమ్మ విని, "సంతకం కాస్త కుదురుగా పెట్టండి, మీది ఎవరికీ అర్థం కాదు" అంది.

మంచు మొదలవకముందే ఆ సైట్‌లో నాన్న అవసరం లేదని చెప్పారు. ఆ కాగితం వల్లేనా, మామూలుగానే అలా జరిగిందా, ఇప్పటికీ నాకు తెలియదు. మేము బయలుదేరిన రోజు తాత లోయలోకి వెళ్ళి నిలబడ్డాడు. కారులోంచి చెయ్యి ఊపాను. అటునుంచి ఊగింది తాత చెయ్యో, ఏదో రాయి మీది కోటు చెయ్యో, ఆ దూరానికి తెలియలేదు. తర్వాత నాన్న మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఆ దుప్పులు మళ్ళీ వచ్చాయో లేదో తెలియకుండానే పోయాడు. మొన్న మనవరాలు ఫోన్‌లో ఆ లోయ వెతికి చూపించింది. పైనుంచి తీసిన బొమ్మలో రోడ్డు సన్నటి బూడిదగీతలా ఉంది. పక్కలు వాలుగా ఉన్నాయో నిటారుగా ఉన్నాయో ఎంత పెద్దది చేసి చూసినా తెలియలేదు. ఏడుపొచ్చింది.

నేను పెద్దయ్యాక ఆస్పత్రిలో స్కానింగ్ తీసే పనిలో చేరాను. ముప్పై ఏళ్ళు చేశాను. ఒకసారి ఒకామె కడుపులో నొప్పని నాలుగోసారి వచ్చింది. అంతకు ముందు మూడుసార్లూ ఏమీ లేదని రాసి పంపారు. నేనూ అంతా వెతికాను, ఏమీ దొరకలేదు. డాక్టరుకి పంపే కాగితంలో ఏమీ లేదు అని రాయబోతే నా చెయ్యి సాగలేదు. ఈ రోజు ఈ స్కాన్‌లో నాకు కనిపించలేదు, నొప్పి ఉన్నచోటు ఇది, మళ్ళీ చూడాలి అని రాశాను. ఏం రాశారని అడిగితే ఆమెకి చదివి చెప్పాను. ఆమె లేచి కూర్చుని, "అయితే నాకు నిజంగానే నొప్పి ఉందని మీరు నమ్ముతున్నారా?" అని అడిగింది. గుంటలో కూర్చుని లోయకేసి చూస్తున్న మా నాన్న ముఖం నాకు కళ్ళముందు కనబడింది. నమ్ముతున్నానమ్మా అన్నాను.